రైలు బరువు మోసిన కరీంనగర్ రోడ్డు



తెలంగాణ రాష్ట్ర రహదారుల్లో ఒకటో నంబరు రహదారి గురించి ఈ పూట మాట్లాడుకుందాం. ప్రభుత్వ కాగితాల్లో అది ఎస్‌హెచ్ 1. బోర్డుల మీద రాజీవ్ రహదారి. మాజీ ప్రధాని రాజీవ్ గాంధీ పేరు పెట్టారు. అల్వాల్, బొల్లారం వాళ్లకు మాత్రం అది ఎప్పటికీ కరీంనగర్ రోడ్డే.

సికింద్రాబాద్ జూబ్లీ బస్ స్టేషన్ నుంచి ఈ దారి ఉత్తరంగా బయలుదేరుతుంది. శామీర్‌పేట, ప్రజ్ఞాపూర్, సిద్దిపేట, కరీంనగర్, సుల్తానాబాద్, పెద్దపల్లి మీదుగా రామగుండం చేరుతుంది. అక్కడితో ప్రయాణం ఆగదు. గోదావరిఖని దగ్గర వంతెనెక్కి గోదావరి దాటితే మంచిర్యాల. శామీర్‌పేట నుంచి రామగుండం దాకా నాలుగు వరసలుగా విస్తరించిన భాగమే 200 కిలోమీటర్ల పైమాట. మంజీర నీళ్లు తాగే నగరాన్ని మానేరు ఒడ్డుకు, అక్కణ్ణుంచి గోదావరి ఒడ్డుకు చేర్చే దారి ఇది.

ఇంత పెద్ద దారి ఎందుకింత ముఖ్యమైందో తెలియాలంటే ముందు రైలు పటం ముందేసుకుని చూడాలి. కాజీపేట నుంచి ఉత్తరానికి వెళ్లే రైలు మార్గం జమ్మికుంట, పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల మీదుగా బల్లార్షా వెళ్తుంది. 1920ల చివర్లో ఆ మార్గం పూర్తయ్యాక మద్రాసు నుంచి ఢిల్లీకి నేరుగా రైళ్లు నడిచాయి. పడమట ఇంకో మార్గం ఉంది. సికింద్రాబాద్ నుంచి మేడ్చల్, మనోహరాబాద్, కామారెడ్డి మీదుగా నిజామాబాద్ వెళ్లేది. ఈ రెండు మార్గాలకూ నడుమ ఎంత నేల మిగిలిపోయిందో చూడండి. గజ్వేల్, సిద్దిపేట, సిరిసిల్ల, వేములవాడ, కరీంనగర్, అన్నీ ఆ నడుమనే. జిల్లా కేంద్రమైన కరీంనగర్‌కు చాలాకాలం దగ్గరి రైలు స్టేషను పెద్దపల్లే. ఉత్తరాది వెళ్లాల్సినవాళ్లు పెద్దపల్లి పోయి రైలెక్కాల్సి వచ్చేది. హైదరాబాద్ వెళ్లాలంటే మాత్రం బస్సే. సిద్దిపేటకైతే దరిదాపుల్లో పట్టాలే ఉండేవి కావు.

ఆ లోటంతా ఈ ఒక్క రోడ్డే పూడ్చింది. ఉస్మానియాలో సీటొచ్చిన పిల్లవాడు, గాంధీ దవాఖానకు తీసుకుపోవలసిన రోగి, హైకోర్టు వాయిదా ఉన్న రైతు, దుబాయి వీసా వచ్చి మూటాముల్లె సర్దుకున్న యువకుడు, అందరూ ఈ దారినే పట్నం పోయారు. గల్ఫ్ దేశాలకు వలస వెళ్లిన కరీంనగర్ జిల్లా బిడ్డల్ని సాగనంపిన కన్నీళ్లు జూబ్లీ బస్ స్టేషన్ ప్లాట్‌ఫారాలకు బాగా తెలుసు. ఒక తరం మొత్తానికి ఇది రైలుమార్గం పని చేసింది. ఈ ప్రసంగంలో నేను చెప్పదలచుకున్న మాట కూడా ఇదే. మిగిలినవన్నీ దీని వెంట వచ్చేవే.

హైదరాబాద్ రాజ్యంలో ప్రభుత్వ బస్సులు మొదలుపెట్టింది రైల్వే వాళ్లే. నిజాం స్టేట్ రైల్వే కింద రోడ్డు రవాణా శాఖ 1932లో పుట్టింది. 27 బస్సులు, 166 మంది సిబ్బంది. ఆ చిన్న శాఖే తర్వాత రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థగా పెరిగింది. రైలు వేయలేని చోటికి బస్సు వేయాలన్న ఆలోచన ఈ ప్రాంతంలో అంత పాతది. కరీంనగర్ రోడ్డు మీద అది దశాబ్దాల పాటు అక్షరాలా అమలైంది.

ఇక దారి వెంట వెళ్దాం. మొదటి మెట్టే కష్టమైన మెట్టు. సికింద్రాబాద్ కంటోన్మెంట్, అల్వాల్, బొల్లారం, హకీంపేట, తూంకుంట. రోడ్డుకు చాలాచోట్ల పక్కనే రక్షణ శాఖ భూములు. కాలనీలు పెరిగాయి, బండ్లు పెరిగాయి, రోడ్డు మాత్రం పెరగలేదు. కరీంనగర్ నుంచి రెండున్నర మూడు గంటల్లో తూంకుంట చేరిన బస్సు, అక్కణ్ణుంచి జూబ్లీ బస్ స్టేషన్ చేరడానికి పడే అవస్థ ఈ దారిన తిరిగే ప్రతివారికీ అనుభవమే. రక్షణ భూముల అనుమతి కోసం ఏళ్ల తరబడి ఎదురుచూపులు సాగాయి. కేంద్రం సరేనన్నాక 2024 మార్చిలో అల్వాల్ దగ్గర ఎలివేటెడ్ కారిడార్‌కు శంకుస్థాపన జరిగింది. అది పూర్తయిన నాడు ఈ రహదారికి నగరం వైపు తలుపు తెరుచుకున్నట్టే.

శామీర్‌పేట చెరువు, జింకల పార్కు దాటితే నగరం వెనకబడుతుంది. కొంచెం ముందుకు పోతే ములుగు మండలం. సమ్మక్క సారలమ్మల ములుగు కాదు, సిద్దిపేట జిల్లా ములుగు. ఇక్కడే కొండా లక్ష్మణ్ బాపూజీ పేరున ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది, అటవీ కళాశాల ఉంది. రోడ్డు మీదే వంటిమామిడి కూరగాయల మార్కెట్టు. ఈ మార్కెట్టును ఒకసారి పొద్దుపొద్దున్నే చూడాలి. వర్గల్, మర్కూక్, ములుగు మండలాల నుంచి ట్రాలీ ఆటోలు, ట్రాక్టర్లు వరసగా వచ్చి ఆగుతాయి. తడి గోనెసంచుల్లో చుట్టిన కొత్తిమీర, పుదీన కట్టలు. ప్లాస్టిక్ డబ్బాల్లో టమాట. మూతులు కట్టిన సంచుల్లో సోరకాయ, బీరకాయ, క్యాబేజీ. రైతు సంచి మూతి విప్పుతాడు. వ్యాపారి చెయ్యి లోపలికి పెట్టి అడుగున ఉన్న కాయను బయటికి తీసి చూస్తాడు. పైన మంచివి పేర్చి అడుగున పుచ్చువి పెట్టారేమోనని అనుమానం. రైతు ఏమీ మాట్లాడడు, ఇంకో సంచి కూడా విప్పి చూపిస్తాడు. పాట మొదలవుతుంది. తెల్లవారేసరికి ఆ కూరగాయలు నగరం వైపు, రైతులు ఊరి వైపు. బోయినపల్లి మార్కెట్టు దాకా మోసుకుపోయి కిరాయి పెట్టుకునే బాధ కొందరికైనా ఈ మార్కెట్టు తప్పించింది. రోడ్డు పక్కన పొలం ఉన్నవాడికి రోడ్డు వల్ల కలిగిన మేలు ఏమిటని ఎవరైనా అడిగితే నేను వంటిమామిడిని చూపిస్తాను.

ప్రజ్ఞాపూర్ దగ్గర గజ్వేల్ ఆనుకుని ఉంటుంది. గత పదేళ్లలో ఈ దారి మీద అన్నిటికన్నా ఎక్కువ మారిన చోటు ఇదే. కాళేశ్వరం ఎత్తిపోతల్లో భాగంగా 15 టీఎంసీల కొండపోచమ్మ సాగర్ 2020లో, 50 టీఎంసీల మల్లన్న సాగర్ 2022లో ప్రారంభమయ్యాయి. మల్లన్న సాగర్ కింద మునిగిన ఊళ్ల జనం గజ్వేల్ పక్కన పునరావాస కాలనీకి వచ్చి స్థిరపడ్డారు. ఏటిగడ్డ కిష్టాపూర్, వేములఘాట్, పల్లెపహాడ్. ఈ పేర్లున్న ఊళ్లు ఇప్పుడు నీళ్ల కింద ఉన్నాయి. ఆ ఊళ్ల మనుషులు పక్కపక్క వీధుల్లో ఒకే రకం ఇళ్లలో ఉన్నారు. హైవే మీద పోయేవాళ్లకు ఆ కాలనీ ఒక కొత్త లేఅవుట్‌లా కనిపిస్తుంది. ఆ ఇళ్లలో పొలం పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారన్న సంగతి గుర్తుంచుకోవాలి. రాబోయే ప్రాంతీయ వలయ రహదారి కూడా గజ్వేల్ వైపు నుంచే వెళ్తుంది. అంటే ఇక్కడ భూమికి, మనుషులకు ఇంకా కదలిక ఉంది.

కుకునూరుపల్లి దాటాక, సిద్దిపేట చేరేలోపు, కొమురవెల్లి మల్లన్న కమాను వస్తుంది. సంక్రాంతి తర్వాత వచ్చే ఆదివారంతో మొదలై ఉగాది ముందు ఆదివారం దాకా మల్లన్న జాతర. మొదటి ఆదివారాన్ని పట్నం వారం అంటారు, ఆ తర్వాతిది లష్కర్ వారం. పట్నమంటే హైదరాబాద్, లష్కరంటే సికింద్రాబాద్. జంటనగరాల భక్తులకు వారాలు కేటాయించి పెట్టిన జాతర ఇది. ఈ రోడ్డుకూ ఆ జాతరకూ ఉన్న చుట్టరికం ఎంత పాతదో ఆ పేర్లే చెప్తాయి. పట్నం వారం ముందురోజు రాత్రి ఈ రోడ్డు మీద డీసీఎం వ్యాన్లు, ఆటోలు, కార్లు బారులు తీరతాయి. వ్యాన్ల నిండా బోనాలు, పసుపు బండారి, నిద్రపోతున్న పిల్లలు. గుడి దగ్గర ఒగ్గు పూజారులు డోలు, జగ్గుల మోతలో పెద్దపట్నం వేస్తారు, ఆ తర్వాత అగ్నిగుండాలు తొక్కుతారు. జాతర ఆదివారాల్లో కొమురవెల్లి మలుపు దగ్గర నాలుగు వరసలు కూడా చాలవు.

సిద్దిపేట ఈ రహదారికి నడుమ ఉన్న కూడలి. ఇక్కణ్ణుంచి ఒక దారి మెదక్‌కు, ఒకటి సిరిసిల్ల మీదుగా వేములవాడ రాజన్న దగ్గరికి, ఇంకొకటి హుస్నాబాద్ వైపు, మరొకటి నకాశీ బొమ్మల చేర్యాల వైపు. గొల్లభామ చీర నేసిన నేతగాళ్ల ఊరు ఇది. 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రమైంది. పాత లెక్కలో ఈ రోడ్డు రంగారెడ్డి, మెదక్, కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పేర్లతో సాగేది. ఇప్పుడు అదే దారిలో మేడ్చల్, సిద్దిపేట, కరీంనగర్, పెద్దపల్లి, మంచిర్యాల జిల్లాలు వస్తాయి.

తెలంగాణ ఉద్యమ చరిత్రలో ఈ దారికి ఉన్న చోటు ఇంకే రాష్ట్ర రహదారికీ లేదంటే అతిశయోక్తి కాదు. 2001 మే 17న కరీంనగర్‌లో తెలంగాణ రాష్ట్ర సమితి సింహగర్జన సభ జరిగింది. హైదరాబాద్, మెదక్ వైపు జనం ఈ రోడ్డునే వెళ్లారు. 2009 నవంబరు 29 మరీ ముఖ్యం. ఆనాడు ఆ పార్టీ అధ్యక్షుడు కేసీఆర్ సిద్దిపేట రంగధాంపల్లిలో ఆమరణ దీక్షకు కూర్చోవడానికి కరీంనగర్ నుంచి బయలుదేరారు. మానేరు వంతెన దాటగానే వచ్చే అలుగునూరు చౌరస్తాలో పోలీసులు ఆపి అరెస్టు చేశారు. అక్కణ్ణుంచి ఖమ్మం తీసుకెళ్లారు. దీక్ష అక్కడ మొదలై హైదరాబాద్ నిమ్స్ ఆస్పత్రిలో కొనసాగింది. పదకొండో రోజున, డిసెంబరు 9 రాత్రి, రాష్ట్ర ఏర్పాటు ప్రక్రియ మొదలుపెడతామని కేంద్ర హోం మంత్రి చిదంబరం ప్రకటించారు. ఆ పదకొండు రోజుల కథ మొదలైన చోటు ఈ రోడ్డు మీదే ఉంది. ఆ తర్వాత 2011 సకల జనుల సమ్మె నాటికి రోడ్డు మీద వంటా వార్పులు, రాస్తారోకోలు, ధూంధాంలు. రోడ్డు నడుమ పొయ్యిలు పెట్టి అన్నం వండి, అక్కడే వరసల్లో కూర్చుని తిన్నారు జనం. కూలివాడూ లాయరూ ఒకే బంతిలో కూర్చున్న సందర్భాలవి.

సిద్దిపేట దాటితే బెజ్జంకి క్రాసింగు, గుండ్లపల్లి స్టేజీ, తిమ్మాపూర్. తిమ్మాపూర్ దగ్గర ఎల్ఎండీ కాలనీ వస్తుంది. దిగువ మానేరు డ్యాము కట్టడానికి వచ్చినవాళ్ల కోసం వెలసిన కాలనీ. డ్యాము పని 1974లో మొదలై 1985లో పూర్తయింది. శ్రీరాంసాగర్ నుంచి వచ్చే కాకతీయ కాలువ నీళ్లు ఇందులో నిండి, ఇక్కణ్ణుంచి వరంగల్ వైపు సాగుతాయి. అలుగునూరు వంతెన మీద నుంచి చూస్తే మానేరు, దాని ఎగువన డ్యాము కట్ట, ఆవల కరీంనగర్. ఒకప్పుడు జిల్లా కేంద్రం కరీంనగర్ కాదు, పడమటి కొండమీద కోట ఉన్న ఎలగందుల. 1905లో కచేరీలు కరీంనగర్‌కు మారాయి. ఎలగందుల కోట మిగిలిపోయింది. వెండి తీగ పనివాళ్ల ఇళ్లు మాత్రం కరీంనగర్‌లో ఇంకా ఉన్నాయి. వెండిని వెంట్రుకంత తీగగా లాగి, మెలిపెట్టి, చిన్న పట్టకారుతో చట్రంలో ఇమిడ్చే పని అది.

కరీంనగర్ దాటాక రోడ్డు స్వభావం మారిపోతుంది. ఇప్పటిదాకా మనుషుల రోడ్డు, ఇక్కణ్ణుంచి బరువుల రోడ్డు. సుల్తానాబాద్ చుట్టూ రైసు మిల్లులు. బసంత్‌నగర్‌లో సిమెంటు కర్మాగారం, దానికోసం వేసిన చిన్న విమానాశ్రయం కూడా. 1980లలో అక్కడికి వాయుదూత్ విమానాలు దిగేవి. తర్వాత రామగుండం. ఎన్‌టీపీసీ విద్యుత్ కేంద్రానికి 1978 నవంబరులో ప్రధాని మొరార్జీ దేశాయ్ శంకుస్థాపన చేశారు, 1983లో మొదటి యూనిట్ వెలిగింది. ఏడు యూనిట్లు కలిసి 2,600 మెగావాట్లు. పక్కనే ఎరువుల కర్మాగారం. 1999లో మూతపడింది. ఆ రోజుల్లో రోడ్డున పడ్డ కుటుంబాలు ఈ రోడ్డు మీదే బతుకుదెరువు వెతుక్కుంటూ వెళ్లిపోయాయి. కొత్త సంస్థగా మళ్లీ నిలబడ్డాక 2022 నవంబరులో ప్రధాని దాన్ని జాతికి అంకితం చేశారు. ఆ పక్కనే సింగరేణి బొగ్గు గనుల గోదావరిఖని. విద్యుత్ కేంద్రానికి బొగ్గు ప్రత్యేక రైలు పట్టాల మీదే వెళ్తుంది. రోడ్డు మీదకొచ్చేవి సిమెంటు లారీలు, ఎరువుల లారీలు, బియ్యం లారీలు, గ్రానైటు బండలు, బూడిద టిప్పర్లు. బూడిద టిప్పరు మీద పరదా సరిగ్గా కప్పకపోతే వెనక బండి నడిపేవాడికి దారి కనిపించదు. ఈ మాట అధికారులకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు, గట్టిగా అమలు చేయాల్సిన పని ఉంది.

2010 తర్వాత ఈ దారిని బీఓటీ పద్ధతిలో, అంటే ప్రైవేటు సంస్థ కట్టి, టోలు వసూలు చేసుకుని, కాలం తీరాక ప్రభుత్వానికి అప్పగించే పద్ధతిలో నాలుగు వరసలు చేశారు. దుద్దెడ, రేణికుంట, బసంత్‌నగర్ దగ్గర టోల్ గేట్లు. ప్రయాణం వేగమైంది, ఒప్పుకోవాలి. అయితే పాత రోడ్డు వంపులు చాలాచోట్ల అలాగే ఉండిపోయాయి. ఊళ్ల దగ్గర సర్వీసు రోడ్లు, కింది దారులు అవసరమైనన్ని లేవు. పొలానికి పోయే రైతు, బడికి పోయే పిల్లలు, బర్రెలు తోలుకొచ్చే ముసలామె, వీళ్లంతా నాలుగు వరసలు దాటాలి. హైదరాబాద్ నుంచి వచ్చే కారు డ్రైవరుకు అది హైవే. అక్కడున్నవాళ్లకు అది ఊరి నడివీధి. ఈ రెండు దృష్టుల మధ్య ప్రాణాలు పోతున్నాయి. టోలు కట్టే బండికి ఎంత సౌకర్యమిచ్చారో, టోలు కట్టని మనిషికీ అంత భద్రత ఇవ్వాలి. నా దృష్టిలో ఈ రహదారి నిర్మాణంలో మిగిలిపోయిన అసలు పని అదే.

వడ్ల సంగతి కూడా చెప్పాలి. కోతలయ్యాక ఈ రోడ్డు అంచున కిలోమీటర్ల పొడవునా వడ్లు, మక్కలు పోసి ఉంటాయి. అందరూ రైతును తిడతారు. రైతు ఎందుకు పోశాడో అడగరు. కొనుగోలు కేంద్రంలో వడ్ల తేమ 17 శాతం మించకూడదు. మించితే తూకం వేయరు. ఇంటి ముందు జాగా లేదు, పొలం తడి, కల్లం లేదు. ఎండకు కాగిన తారు రోడ్డు మీద వడ్లు రెండు పూటల్లో ఆరిపోతాయి. అందుకే వస్తాడు. పొద్దు మునిగాక కుప్ప చేసి, పరదా కప్పి, గాలికి లేవకుండా చుట్టూ రాళ్లు పెడతాడు. చీకట్లో మోటారు సైకిలు మీద వచ్చేవాడికి ఆ నల్ల పరదా, ఆ రాళ్లు కనబడవు. ఊరికొక సిమెంటు కల్లం కట్టిస్తే ఈ ప్రమాదం సగానికి సగం తగ్గుతుంది. దానికయ్యే ఖర్చు ఒక వంతెన ఖర్చులో ఎన్నో వంతు కూడా ఉండదు.

ఇప్పుడు రైలు కూడా వస్తోంది. మనోహరాబాద్ నుంచి గజ్వేల్, సిద్దిపేట, సిరిసిల్ల మీదుగా కరీంనగర్ పక్కన కొత్తపల్లి దాకా 151 కిలోమీటర్ల మార్గానికి 2016 ఆగస్టులో గజ్వేల్ దగ్గర కోమటిబండలో శంకుస్థాపన జరిగింది. 2023 అక్టోబరు 3న సిద్దిపేటకు మొదటి రైలు వచ్చింది. స్టేషనుకు రైలు చూడ్డానికే జనం తరలివచ్చారు. కరీంనగర్‌కు పెద్దపల్లి, నిజామాబాద్ వైపు పట్టాలు ముందే ఉన్నా, హైదరాబాద్‌కు అవి చుట్టుదారి. కొత్తపల్లి మార్గం పూర్తయితే ఈ నడిమి నేలకంతటికీ తొలిసారి నేరు రైలు దొరుకుతుంది. అప్పుడు రోడ్డు మీద భారం కొంత దిగుతుంది. ఇన్నేళ్లు ఒంటరిగా మోసిన పనిని ఇద్దరు పంచుకుంటారు.

ఆ రోజు వచ్చేదాకా ఈ దారిన వెళ్లే ప్రతివారికీ నా మనవి. కుకునూరుపల్లి, కొండపాక, బెజ్జంకి క్రాసింగు, గుండ్లపల్లి, సుల్తానాబాద్ లాంటి ఊళ్ల దగ్గర వేగం తగ్గించండి. రోడ్డు దాటేవాళ్లకు ఒక్క నిమిషం ఇవ్వండి. రోడ్డు మీద వడ్లు ఆరబోసే రైతు సోదరులారా, వడ్లు ఎత్తుకున్నాక రాళ్లు కూడా ఎత్తేయండి. రాత్రి కుప్ప ఉంచక తప్పకపోతే ఎర్ర బట్టో, వెలుతురుకు మెరిసే పట్టీయో కట్టండి. అధికారులకు మనవి, వచ్చే యాసంగి కోతల నాటికి ఈ రహదారి పక్క ఊళ్లలో కల్లాలు కట్టించండి.